తీరం వెంట శీతకాల యాత్ర

పాఠ్యభాగ పరిచయం

యాత్రారచన తెలుగు గద్యానికి కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి తల్లితో, భార్యతో, పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. తిరుగు ప్రయాణంలో జగన్నాథం నుంచి కోస్తా వెంట దిగి, నెల్లూరు సీమ మీదుగా చెన్నపట్నం చేరారు. మజిలీల మధ్య దూరాలు, నదులు, సత్రాలు, దొరికే వస్తువులు, జనుల ఆచారాలు అన్నిటినీ ఆయన నమోదు చేశారు. ఆ ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. పల్లకీ వేగంతో సాగిన యాత్ర కనుకనే అంతటి వివరం అందులో నిలిచింది.

వాహనవేగం పెరిగిన ఈ కాలంలో నెమ్మదిగా ప్రయాణించడం వల్ల ఏమి లభిస్తుందో ప్రస్తుత పాఠ్యభాగం తెలియజేస్తుంది. ఇందులోని దంపతులు పాత్రలు మాత్రమే. వారు చూసిన తీరం యథార్థం.

పాఠ్యభాగం

కనుమ నాడు కాకైనా కదలదని పెద్దల మాట. ఆ మాటను మన్నించి, ముక్కనుమ కూడా గడిచిన తరువాత, కావలి పట్టణం నుంచి ఒక దంపతులు తమ చిన్న కారులో దక్షిణంగా బయలుదేరారు. ఆయన తపాలా శాఖలో ఉద్యోగం చేసి విరమించారు. ఆమె ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నారు. వారి గమ్యం పులికాట్ సరస్సు. జాతీయ రహదారి మీద వెళ్తే 3 గంటలలోపే సూళ్లూరుపేట చేరవచ్చు. ఆ దారికి వారు 4 రోజులు కేటాయించుకున్నారు.

ఆ నిదానానికి కారణం ఉంది. గ్లాకోమా అని వైద్యులు వ్యవహరించే నీటికాసుల వ్యాధి కొంతకాలంగా ఆయన చూపును హరిస్తున్నది. కంటిలోని ద్రవపీడనం వల్ల దృష్టినాడి దెబ్బతిని, చాలామందిలో ముందుగా పక్కచూపు తరుగుతుంది. ఎదుట ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది కనుక రోగికి నష్టం చాలాకాలం తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు; క్రమం తప్పక మందు వేసుకుంటే మిగిలిన చూపును కాపాడుకోవచ్చు. వ్యాధి బయటపడిన నాటి నుంచి ఆయన కారు నడపడం మానుకున్నారు. అరవయ్యో ఏట ఆమె నేర్చుకున్నారు. చీకటి పడిన తరువాత నడపకూడదనీ, వేగం 50 కిలోమీటర్లు దాటకూడదనీ, ఆయన ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాలనీ బయలుదేరే ముందే ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు.

ఈ యాత్రకు బీజం మరొక ఖండంలో పడింది. కొన్నేళ్ల క్రితం వారు అమెరికాలోని కుమారుని వద్దకు వెళ్లినప్పుడు, డిసెంబరు నెలలో అరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రాల ఎడారులలో 10 రోజులపాటు కారులో తిరిగారు. వేసవిలో 40 డిగ్రీలు దాటి మండే ఆ నేలకు శీతకాలమే యాత్రాకాలం. ఉత్తరాది మంచు రాష్ట్రాల నుంచి ఎందరో వృద్ధదంపతులు ఆ మాసాలలో అక్కడికి చేరి, తొందర లేకుండా ఊరూరా తిరుగుతారు. సాగువారో అనే మహాకాయ నాగజెముడు తన మొదటి కొమ్మ వేయడానికి 50 నుంచి 70 ఏళ్లు, కొన్ని చోట్ల అంతకంటే ఎక్కువ కాలం తీసుకుంటుందని తెలిసి, ఆమె ఆ మొక్క ముందు చాలాసేపు నిలబడిపోయారు. న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ వద్ద తెల్లని దిబ్బలు చూశారు. అది మామూలు ఇసుక కాదు, జిప్సం. నీటిలో కరిగే ఆ ఖనిజం సాధారణంగా నదులతోపాటు సముద్రంలో కలిసిపోతుంది. ఆ లోయ నుంచి నీరు వెలుపలికి పోయే దారి లేనందున అది అక్కడే మిగిలి, గాలికి దిబ్బలుగా పేరుకున్నది. రియో గ్రాండే నది ఒడ్డున శీతకాలపు విడిదికి వచ్చిన వేలాది కొంగలను చూసేందుకు తెల్లవారుజామున చలిలో నిలబడ్డారు.

అప్పుడే ఆమె ఒక ప్రశ్న వేశారు: “ఏమండీ, మన సూళ్లూరుపేటకు ఏటా రాజహంసలు వస్తాయి కదా! వాటిని మనం ఎన్నిసార్లు చూశాం?”

ఆయన సమాధానం చెప్పలేకపోయారు. ఉద్యోగరీత్యానూ, తరువాత కంటి వైద్యానికీ చెన్నైకి ఎన్నోసార్లు రైలులో వెళ్లారు. సూళ్లూరుపేట స్టేషను దాటిన ప్రతిసారీ ఆయన నిద్రలోనో, వార్తాపత్రికలోనో ఉన్నారు.

తొలినాటి మజిలీ కావలికి తూర్పున ఉన్న తుమ్మలపెంట సముద్రతీరం. నెల్లూరు మండలానికి వర్షం ప్రధానంగా ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురుస్తుంది. అందువల్ల జనవరిలో ఇక్కడి నేల అప్పుడే తలంటి పోసుకున్నట్లు ఉంటుంది. సరుగుడు తోటల మీద పల్చని మంచు, కింద తడి ఆరని ఇసుక. సముద్రం మరింత దగ్గరగా కనిపించాలన్న ఆశతో కారును రోడ్డు దింపగానే వెనుకచక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. ఎంత వేగం పెంచితే అంత లోతుకు పోయాయి. వలలు సరిచేసుకుంటున్న జాలరులు నలుగురు లేచి వచ్చారు.

“అమ్మా, బలవంతం చేయకండి. ఇసుక బలానికి లొంగదు” అన్నాడు వారిలో పెద్దవాడు. చక్రాలలో గాలి కొంత తీయించి, వాటి ముందు ఎండిన తాటిమట్టలు పరిపించాడు. గాలి తగ్గిన చక్రం వెడల్పై ఎక్కువ ఇసుకను ఆనుకొంటుంది. బరువు పంచబడి దిగబడదు. ఆమె మెల్లగా నడపగా కారు గట్టెక్కింది. దంపతులు ఇవ్వబోయిన డబ్బు వారు తీసుకోలేదు. “తిరిగి వచ్చేటప్పుడు పక్షులు ఎన్ని వచ్చాయో చెప్పిపోండి” అని మాత్రం కోరారు.

అక్కడి నుంచి జువ్వలదిన్నె మీదుగా ఇసకపల్లి దారి పట్టారు. ఈ తీరప్రాంతంలో సముద్రానికి సమాంతరంగా బకింగ్‌హాం కాలువ సాగుతుంది. 1806లో మద్రాసుకు ఉత్తరంగా మొదలైన ఈ జలమార్గం దశలవారీగా కోస్తా వెంట విస్తరించింది. 1876-78 నాటి మహాకరువులో పనికి ఆహారం కోరి వచ్చిన పేదల శ్రమతో మద్రాసు నగరంలోని లంకె తవ్వకం సాగింది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే కాలువకు స్థిరపడింది. ఒకప్పుడు ఉప్పు, ధాన్యం, వంటచెరకు మోసుకొని తెరచాప పడవలు ఇందులో మద్రాసుకు వెళ్లేవి. రైళ్లు, లారీలు వచ్చిన తరువాత పడవలు కనుమరుగయ్యాయి. అయినా కాలువ తన ఉపకారం మానలేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, చొచ్చుకువచ్చిన నీటిని కొన్ని చోట్ల ఇది తనలోకి తీసుకొని, వెనుకనున్న ఊళ్లకు కీడు తగ్గించింది. పూడిపోయిన కాలువ గట్టు మీద నిలబడి ఆయన, “వాడుక పోయినంత మాత్రాన పని పోదన్నమాట” అన్నారు. విశ్రాంత ఉద్యోగి నోట ఆ మాట విని ఆమె నవ్వుకున్నారు.

ఇసకపల్లిలో ఉప్పు కొటార్లు ఉన్నాయి. వానలకు కరిగిన గట్లను సరిచేసి, మడులను చదును చేసే పని అప్పుడు జరుగుతున్నది. సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ నీటిని ఒక మడి నుంచి మరొక మడికి మళ్లిస్తూ ఎండకు ఇగురబెడతారు. నీరు చిక్కబడే కొద్దీ ఒక్కొక్క లవణం తన వంతు వచ్చినప్పుడు విడివడుతుంది. మొదట సున్నపు లవణాలు, తరువాత జిప్సం, ఆ తరువాతనే మనం తినే ఉప్పు. ఆమె మడి అడుగు నుంచి ఒక తెల్లని పెళ్లను తీసి ఆయన అరచేతిలో పెట్టారు.

“వైట్ శాండ్స్‌లో చూశామే, అదే ఇది” అన్నారు.

ఆయన దానిని కళ్లకు దగ్గరగా పెట్టుకొని పరీక్షించారు. అక్కడ ప్రకృతి వేల ఏళ్లు చేసిన పనిని ఇక్కడ మనిషి ప్రతి ఏటా తన రెక్కలతో చేస్తున్నాడు. అక్కడ దానిని చూడటానికి రుసుము చెల్లించారు. ఇక్కడ ఆ పని చేసేవారికి కాళ్ల మీద ఉప్పునీటి పుండ్లు, కళ్లకు తెల్లని మడుల మీది ఎండపొడ మిగులుతాయి. తన కంటికి నల్ల అద్దాలు ఉన్నాయనీ, గట్టు వేస్తున్న స్త్రీకి లేవనీ ఆయన గమనించారు. కారెక్కిన తరువాత చాలాసేపు ఆయన మాట్లాడలేదు.

అల్లూరు పరిసరాలలో నేల రంగు మారింది. కాలువల కింద వరి పచ్చగా ఉంది. మధ్యమధ్య 1990ల నుంచి విస్తరించిన రొయ్యల గుంటలు అద్దాలవలె మెరుస్తున్నాయి. సాయంకాలానికి పెన్న దాటి నెల్లూరు చేరి, బంధువుల ఇంట బస చేశారు.

రెండవనాడు ఉదయం రంగనాథస్వామి ఆలయం వెనుక పెన్న ఒడ్డున కూర్చున్నారు. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన సోమయాజి విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలు తెనిగించి, హరిహరనాథునికి అంకితమిచ్చిన సంగతి వారికి పాఠశాలనాటి పాఠమే. ఆ ఏటి ఒడ్డున తీరికగా కూర్చోవడం మాత్రం అదే మొదటిసారి. అక్కడి నుంచి పల్లెపాడు వెళ్లారు. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన పినాకిని సత్యాగ్రహాశ్రమం అక్కడ ఉంది. చెట్లనీడలో ఉన్న ఆ చోటిని చూసి, మధ్యాహ్నానికి మైపాడు తీరం చేరారు. ఆనాడు వారు ప్రయాణించిన దూరం ఎంతో తక్కువ. పట్టికలో గీసుకున్న మరి రెండు స్థలాలకు వెళ్లలేకపోయారు. ఉద్యోగకాలంలోనైతే ఆయన దానికి చింతించి ఉండేవారు. ఇప్పుడు పట్టికను మడిచి జేబులో పెట్టుకున్నారు.

మూడవనాడు నాయుడుపేట దాటి నేలపట్టు చేరారు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది. 1976లో నేలపట్టు చెరువును పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. చెరువు నీటిలోనే నిలిచి పెరిగే చెట్ల కొమ్మల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. రెక్కలు విప్పితే 2 మీటర్లకు మించే ఆ భారీ పక్షి, సన్నని కొమ్మ మీద అతి సుకుమారంగా వాలుతుంది. ముక్కు కింద వేలాడే సంచితో చేపలను వలవేసినట్లు పట్టి, పిల్లల నోటికి అందిస్తుంది. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, కంకణాల పిట్టలు అవే చెట్లను పంచుకుంటాయి. నీటిలో చెట్టు ఉండటం వల్ల నేల మీది శత్రువులు గూటిని చేరలేవు. చెరువు నిండకపోతే ఆ రక్షణ లేదు. అందుకే వాన ఆలస్యమైన ఏడు పక్షులూ ఆలస్యమవుతాయి. వాన తప్పిన ఏడు గూళ్లు తగ్గుతాయి.

గట్టు మీద ఎదురైన ఒక రైతు వారితో, “అయ్యా, ఈ రెట్ట కలిసిన నీళ్లే మా పొలాలకు ఎరువు. పక్షి వస్తే పంట వచ్చినట్లే. మా తాతల నాటి నుంచి వీటి జోలికి ఎవరినీ పోనివ్వలేదు” అన్నాడు. ఏ చట్టమూ లేని కాలంలో ఈ చెరువును కాపాడినది ఆ ఎరుకే.

నాలుగవనాడు సూర్యోదయానికి ముందే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట దారి పట్టారు. ఈ దారి సరస్సు నడుమ ఎత్తుగా వేసిన గట్టు మీదుగా సాగుతుంది. భారతదేశంలోని ఉప్పునీటి సరస్సులలో చిల్కా తరువాత పెద్దది పులికాట్. కాళంగి వంటి నదులు మంచినీటిని తెస్తాయి. బంగాళాఖాతం ఉప్పునీటిని పంపుతుంది. ఈ రెండింటి కలయికే చేపలకూ, రొయ్యలకూ, పక్షులకూ ఆధారం. సరస్సుకూ సముద్రానికీ మధ్య శ్రీహరికోట దీవి గోడవలె నిలిచింది. దాని మీద ఉన్న అంతరిక్ష కేంద్రానికి 2002లో సతీశ్ ధావన్ పేరు పెట్టారు. 2023 జులై 14న చంద్రయాన్-3 ఇక్కడి నుంచే చంద్రుని వైపు ప్రయాణించింది.

వెలుగు పరచుకొంటుండగా దూరాన నీటి మీద ఒక గులాబీరంగు గీత కనిపించింది. ఆమె కారు ఆపి, దూరదర్శినిని ఆయన చేతికి ఇచ్చారు. ఆ గీత వందలాది పక్షులుగా విడిపోయింది. రాజహంసలు పొడవైన కాళ్లతో లోతులేని నీటిలో నిలబడి, వంగిన ముక్కును తలకిందులుగా నీటిలో ముంచి, నాలుకతో నీటిని లోనికి పీల్చి వెలుపలికి నెడుతూ, సూక్ష్మజీవులను వడగట్టి తింటున్నాయి. పిల్లదశలో ఈ పక్షి బూడిదరంగులో ఉంటుంది. తినే నాచులోనూ, చిన్న జలచరాలలోనూ ఉండే వర్ణద్రవ్యాల వల్ల కొన్నేళ్లకు గులాబీరంగు వస్తుంది. మనదేశంలో ఈ పక్షులు గుడ్లు పెట్టి పిల్లలను పొదిగే ముఖ్యస్థానం గుజరాత్‌లోని కచ్ రణ్. అదీ ఒక ఉప్పు ఎడారియే.

“పక్కన ఉన్నవి నాకు కనబడటం లేదు. ఎదురుగా ఉన్న నాలుగైదే కనబడుతున్నాయి” అన్నారు ఆయన. ఆ గొంతులో దిగులును ఆమె గుర్తించారు. దూరదర్శినిని తీసుకొని తానూ చూశారు.

“నాకూ అంతే కనబడుతున్నాయి. దూరదర్శినిలో ఎవరికైనా కనిపించేది ఆ కాసింత గుండ్రమే. మెల్లగా తిప్పుకొంటూ పోవాలి” అన్నారు.

ఆయన మళ్లీ అందుకొని, మెల్లగా తిప్పుతూ, ఒక్కొక్క పక్షినే చూడసాగారు. లెక్క 200 దాటిన తరువాత ఎండ ఎక్కింది. ఆయన లెక్క ఆపలేదు. ఆమె తొందర పెట్టలేదు.

సమీపంలో పడవ కడుతున్న మత్స్యకారుడొకడు వారిని పలకరించాడు. సముద్రం నుంచి సరస్సులోకి నీరు వచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయనీ, రాయదొరువు వద్ద పూడిక తీయాలని ఎన్నో ఏళ్లుగా కోరుతున్నామనీ చెప్పాడు. పోటునీరు రాకపోతే చేపపిల్ల రాదు. వాన తగ్గిన ఏడు సరస్సు ఉత్తరభాగం ఎండి బీడవుతుంది. “మీరు పక్షులను చూడటానికి వస్తారమ్మా. నీళ్లుంటేనే అవీ, మేమూ” అన్నాడు. ఆ మాటలో నిష్ఠురం లేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పడమే.

తిరుగుదారిలో వారు తుమ్మలపెంట వద్ద ఆగారు. జాలరులకు ఇచ్చిన మాట ప్రకారం పక్షుల లెక్క చెప్పారు: ఆయన కళ్లారా ఎంచినవి 340, ఎంచనివి ఇంకా ఎన్నో. “ఈ ఏడు నీళ్లు బాగున్నట్లే” అన్నాడు పెద్ద జాలరి. దూరాన ఉన్న పక్షుల లెక్క అతనికి నీటి లెక్కే.

కావలి అనే పేరు ఉదయగిరి దుర్గానికి కాపలాగా ఉన్నందువల్ల వచ్చిందని స్థానికులు చెప్పుకొంటారు. కాపాడవలసిన దుర్గాలు ఇప్పుడు లేవు. గట్టు వేసే చేతులూ, చెరువులోని చెట్టూ, సరస్సు ముఖద్వారమూ ఉన్నాయి. వాటిని కావలి కాయాలంటే ముందు వాటిని చూడాలి. ఆ రాత్రి ఆమె కంటి మందు వేస్తుండగా ఆయన అడిగారు: “వచ్చే ఏడు కూడా వెళ్దామా?”

“వెళ్దాం. ఈసారి ఐదు రోజులు” అన్నారామె.

కఠినపదాలు – అర్థాలు

మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
బీజం = విత్తనం, మూలకారణం
వంటచెరకు = వంటకు వాడే కట్టె
కొటారు = ఉప్పు పండించే మడుల సముదాయం
ఇగురబెట్టు = నీరు ఆవిరయ్యేటట్లు చేయు
గూడబాతు = ముక్కు కింద సంచి గల పెద్ద నీటిపక్షి
ఎరుక = తెలివి, జ్ఞానం
నిష్ఠురం = కఠినమైన నింద

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కావలి దంపతుల యాత్రలో వేగం తగ్గడం వల్ల వారు తెలుసుకున్న విషయాలను వివరించండి.
2. నేలపట్టు, పులికాట్ ప్రాంతాలలో నీటికీ, పక్షులకూ, మానవ జీవనానికీ గల సంబంధాన్ని చర్చించండి.

ఆ. కింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వైట్ శాండ్స్ దిబ్బలకూ, ఇసకపల్లి ఉప్పు మడులకూ గల పోలిక ఏమిటి?
2. బకింగ్‌హాం కాలువ చరిత్రను సంగ్రహంగా తెలపండి.
3. గ్లాకోమా వ్యాధి లక్షణం ఏమిటి?

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. “ఇసుక బలానికి లొంగదు.”
2. “వాడుక పోయినంత మాత్రాన పని పోదన్నమాట.”
3. “నీళ్లుంటేనే అవీ, మేమూ.”

ఈ. ప్రాజెక్టు పని
మీ ఊరికి 20 కిలోమీటర్ల లోపు ఉండి, మీరు ఇంతవరకు చూడని ఒక చెరువునో, వాగునో, తీరాన్నో సందర్శించండి. దాని మీద ఆధారపడి జీవిస్తున్న ఒకరితో మాట్లాడి, రెండు పుటల యాత్రావ్యాసం రాయండి.